చిన్నమ్మ బర్రె తాడు

నా చిన్నప్పుడు నాకు ఒక మనిషి మీద పట్టరాని కడుపుమంట ఉండేది. ఆమె మా పక్కింటి చిన్నమ్మ. సొంత చిన్నమ్మ కాదు, వరస అలా కలిసింది. అక్షరాలు పెద్దదాన్నయ్యాక నేర్చుకున్నాను, సాగదీసి రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టే రాస్తాను, నా తప్పుతో సహా.

మాది కోహెడ దగ్గర ఊరు. ఆ ఏడు ఉగాది వెళ్లాక, వరి కోతకు ఇంకో వారం ఉందనగా రాళ్లవాన పడింది. మా మడి, చిన్నమ్మ మడి ఒకే గట్టుకు అటూ ఇటూ ఉండేవి. రెండూ ఒకే తీరుగా నేలకొరిగాయి. పడిన గింజ బురదలో మొలకెత్తుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు మేం బాపు అని పిలిచే మా నాన్న. ఇంటిల్లిపాదినీ దింపి మూడు రోజులు ఆ నీళ్లలోనే కోయించాడు. దక్కిన నాలుగు గింజలు కల్లానికి చేరాయి, మిగిలింది గడ్డివాములోకి పోయింది. చిన్నమ్మ వాళ్లింట్లో కొడవలి పట్టే చెయ్యి లేదు. ఆమె భర్త, మా చిన్నాయన, బావిలో పూడిక తీస్తూ పడి, నడుము విరిగి మంచంలో ఉన్నాడు. ఆమె గట్టు మీద నిలబడి, "బావా, మీది అయినంక మాదిగూడ జర పట్టున్రి" అని బాపును అడిగింది. బాపు "సూద్దాం తియ్యి" అన్నాడు. మాది అయ్యేసరికి మాలో ఎవరికీ నడుము లేవలేదు. ఆమె పైరు అలాగే కుళ్లిపోయింది.

పది రోజులకు పంట నష్టం రాసుకోవడానికి సర్కారు సారు వచ్చాడు. చిన్నమ్మ మడి చూసి రాసుకున్నాడు. మా మడిలో ఒట్టి కొయ్యకాళ్లే ఉన్నాయి. "కోసుకున్నరు గదా, ఇగ నష్టమేడిది?" అని గట్టు దిగి పోయాడు.

ఎండలు ముదరకముందే చిన్నమ్మకు డబ్బు వచ్చింది. వేలిముద్ర వేసి, తన చేతులతో తనే తెచ్చుకుంది. ఆ రోజు మా అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి ముందు కూర్చుని, "గప్పుడే దాని వరి మనం కోసిపెడితె అయిపోవు. దానికిగూడ పైసలు రాకపోవు" అన్నది. నవ్వులాటకు అన్న మాట కాదు. ఆ మాట నాకు ఆ పూట తిన్న జొన్న గట్కకంటే బాగా ఒంటబట్టింది.

చేతిలో డబ్బు పడితే ఇల్లు ఎలా మారుతుందో నేను గోడ మీది నుంచి చూస్తూనే ఉన్నాను. ముందు చిన్నాయనను సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయారు. కొన్నాళ్లకు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచాడు. తర్వాత సిద్దిపేట అంగడి నుంచి సూడి బర్రె వచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, ఇంకో రెండు నెలల్లో ఈనడానికి సిద్ధంగా ఉంది. వాళ్ల బిడ్డది నా ఈడే, అప్పటిదాకా నాతో పశువుల వెంట వచ్చేది. దానికి నీలం చెప్పులు కొన్నారు, పలక కొన్నారు, బడికి పంపారు. ఆ చెప్పులు టపటపమంటూ పోతుంటే నా గుండెల మీద నడిచినట్టే ఉండేది. మా ఇంట్లో మాత్రం తడిసిన వడ్లు, ముక్కిన బియ్యం. పడింది ఒకటే వాన, ఉన్నది ఒకటే గట్టు. వాళ్లకు వచ్చింది మాకెందుకు రాలేదు? తింటున్నా పడుకున్నా నాకు ఇదే ఆలోచన.

అది చాలదన్నట్టు చిన్నమ్మ ఒకనాడు మా ఇంటికి వచ్చి, బిడ్డ బడికి పోతోంది కాబట్టి తన బర్రెను కూడా నన్నే మేపమంది. ఈనిన తర్వాత రోజూ చెంబెడు పాలు పోస్తానంది. అవ్వ సరేనంది. అంటే అది చెప్పులేసుకుని పలక పట్టుకుపోతుంది, నేను ఒట్టికాళ్లతో దాని బర్రె వెనక నడవాలి.

తొలకరి పడింది. దున్నకుండా వదిలేసిన జొన్నచేలల్లో కొయ్యకాళ్లకు మళ్లీ చిగురు వచ్చింది. ఆ లేత చిగురు విషం. మేసిన పశువు నురుగు కక్కి పడిపోతుంది. పశువులు కాసే పిల్లలకు అందరికంటే ముందు చెప్పే మాట ఇదే. ఆ రోజు నేను మా ఎడ్లను వాగు వైపు తోలి, చిన్నమ్మ బర్రెను జొన్నచేను పక్కన తుమ్మచెట్టుకు కట్టేశాను. కాసేపటికి వెళ్లి ముడి విప్పాను. తెలియక కాదు. అది చావాలనే విప్పాను.

కాసేపు మేసిందో లేదో, ముందుకాళ్ల మీద కూలబడింది. దాని డొక్కలో దూడ కదలడం పైకి కనిపించింది. ఊళ్లోకి అరుస్తూ ఉరికాను. చిన్నమ్మ బెల్లం నీళ్లు, మజ్జిగ, వెదురు గొట్టం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మా బాపు దవడ ఎత్తి పట్టాడు, ఆమె గొట్టంతో పోసింది. సర్కారు పైసల్లో మిగిలినవన్నీ ఆ నల్ల ఒంట్లోనే ఉన్నాయి, అది పోతే ఇల్లు మళ్లీ చిన్నాయన మంచాన పడ్డ రోజులకే వస్తుంది. పొద్దు వాలేదాకా అది లేస్తుందో లేదో ఎవరికీ తెలియలేదు. చివరికి చెవులు ఆడించింది. వణుకుతూ లేచి నిలబడింది.

"తాడు తెంపుకున్నదా?" అన్నాడు బాపు.

తాడు చిన్నమ్మ చేతిలో ఉంది. బర్రెతో పాటు కొన్న కొత్త తాడు, ఎక్కడా తెగలేదు. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. "ఆఁ, తెంపుకున్నది బావా. ఈ పోరి ఏం జేస్తది?" అని తాడు చుట్టి కొంగు కింద పెట్టుకుంది.

మర్నాడు నేను గడప దాటలేదు. ఆమే వచ్చింది. నా పక్కన కూర్చుని, ఆ తాడే నా చేతిలో పెట్టి మెల్లగా అన్నది. "మీరు వరి కోస్తుంటే నేను గట్టు మీద నిలబడ్డ గదా బిడ్డా. మీ బాపు కొడవలి ఆయన కాలు మీదనే పడాలని దేవునికి మొక్కిన. పడలే. గందుకే నేను మంచిదాన్నని అందరు అంటున్నరు. నీ చేతిల తాడుండె, నా చేతిల ఏం లేకుండె. గంతే తేడా. లే, బర్రె ఒర్రుతుంది."

బర్రె ఈనింది, ఆడదూడ. తొలి జున్ను మా ఇంటికే పంపింది. తిన్నాను. ఎంత తియ్యగా ఉన్నా, ఇది మా బర్రెది కాదే అనిపించింది. కడుపుమంట పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఇప్పటికీ పోలేదు. సర్కారు డబ్బు వచ్చినవాళ్ల పేర్లు పంచాయతీ గోడకు అంటిస్తే, కూడబలుక్కుంటూ కిందిదాకా చదువుతాను. నా పేరు లేక పక్కవాళ్ల పేరుంటే లోపల అదే మంట. వాళ్లింటికి పోయి ఏం కొన్నారని అడుగుతాను. చూపిస్తారు, బాగుందంటాను. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల కొట్టంలో ఏ పశువు తాడైనా వదులుగా కనబడితే, వంగి, ముడి బిగించి వస్తాను.