గుర్రం పడని పిల్ల

మొన్న మా మనవరాలి పెళ్ళిలో వరుణ్ణి ఊరేగించడానికి ఎక్కడి నుంచో ఒక తెల్లగుర్రాన్ని తెప్పించారు. జరీ గుడ్డలు కప్పి, మెడకు పూసల కుచ్చులు కట్టి దాన్ని మండపం వాకిట్లో నిలబెట్టగానే, చెమటా నానిన ఉలవలూ తడిగడ్డీ కలిసిన ఆ వాసన గాలివాటున వచ్చి నా ముక్కుకి తగిలింది. ఎనభై దాటిన నా కళ్ళు బొటబొటా నీళ్ళు కార్చాయి, గుండెలో సన్నగా పిల్లికూతలు మొదలయ్యాయి. "అమ్మమ్మకి ఆనందం పట్టలేక ఏడుపొచ్చేసింది" అన్నారు పిల్లలు. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరంగా వెళ్ళి కూర్చున్నాను కానీ, నా మనసు మాత్రం బందరు స్టేషను బయట వేపచెట్ల కింద వరసగా నిలబడి తోకలతో ఈగల్ని తోలుకునే జట్కా గుర్రాల దగ్గరికి వెళ్ళిపోయింది.

మాది బందరులోని ఈడేపల్లి. నాన్న హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. ఎండాకాలం సాయంత్రాలు సముద్రం మీంచి ఉప్పుగాలి వీచి పెరట్లో ఆరేసిన చీరలు జిగటగా అయ్యేవి. నాన్న బజారు నుంచి తాటాకు పొట్లంలో తెచ్చే తొక్కుడు లడ్డు నేతి వాసన వీధి మొదట్లోనే తెలిసిపోయేది. వానాకాలంలో చూరు నీళ్ళ కింద కాగితప్పడవలు, చలికాలంలో తంపటి వేసిన తేగలు, ఆశ్వయుజం వస్తే చేతుల నిండా గోరింటాకు, అట్లతద్దినాడు పదకొండేసి అట్లు తిని ఉయ్యాల దగ్గరికి పరుగులు. వేసవి సెలవుల్లో అమ్మ పుట్టింటికి, దివిసీమకి, ఎడ్లబండిలో కొంత దూరం వెళ్ళి పడవలో కృష్ణ పాయ దాటేవాళ్ళం. అక్కడ ముంజలు తిని, గడ్డివాముల మీద దొర్లి, వడ్లు తూర్పారబట్టే దుమ్ములో ఆడి, ఒక్క తుమ్మైనా తుమ్మకుండా తిరిగొచ్చేదాన్ని.

బందరులోనే నాకు రోగం. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. ప్రతి శనివారం చిలకలపూడి గుడికి సుభానీ జట్కాలో వెళ్ళేది, తోడుగా నన్ను తీసుకెళ్ళేది. ముందు కూర్చుని గుర్రం వీపు మీద ఎగిరే కుచ్చుని చూడటం నాకెంతో ఇష్టం. కానీ గుడి చేరేసరికి కళ్ళు వాచిపోయేవి, ఇంటికొచ్చేసరికి ఊపిరి అందక మంచం కోడు పట్టుకుని కూర్చునేదాన్ని. నాయనమ్మ దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేది, ఆ పొగకి ఉబ్బసం రెట్టింపయ్యేది. సముద్రపు గాలి పడటం లేదని నాన్న కిటికీలు మూయించేవారు. మా డాక్టరు వెంకటరత్నం గారు ఊపిరితిత్తులు బలహీనమని చేపనూనె రాసిస్తే, ఆ సీసాని గడప దాటనివ్వనని నాయనమ్మ పట్టుబట్టింది.

అమ్మ ఎవరి మాటకీ ఎదురు చెప్పలేదు. ఆమె చదువు అయిదో క్లాసుతో ఆగిపోయింది. కానీ ఏ విషయాన్నైనా తను చూసి తేల్చుకునే దాకా వదిలే మనిషి కాదు. వంటింటి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీయడం మొదలుపెట్టింది. నేను బాగున్న రోజు నిలువు గీత, ఆయాసపడిన రోజు అడ్డగీత. రెండు నెలలు గడిచాక అడ్డగీతలన్నీ శనివారాల మీదే పడ్డాయి. దివిసీమలోనూ దుమ్ముంది, గాలి ఉంది, గుడి ఉంది. మరి అక్కడ లేనిది, ఇక్కడ శనివారం మాత్రమే ఉండేది ఏమిటని ఆమె ఆలోచించింది.

తర్వాతి శనివారం నన్ను అదే గుడికి అదే వేళకి ఎడ్లబండిలో పంపింది. నాకేమీ కాలేదు. ఆ పై శనివారం మళ్ళీ జట్కాలో పంపింది. కళ్ళు వాచాయి. అంతటితో ఆగకుండా, మూడో వారం అసలెక్కడికీ పంపకుండా, సుభానీ చేత గుర్రం మీద కప్పే పాత దుప్పటి ఒక్కటే తెప్పించి వాకిట్లో నా పక్కన పెట్టించింది. పది నిమిషాల్లో తుమ్ములు. అమ్మ వెంటనే దుప్పటి తీయించి, నా మొహం కడిగి, గోడ దగ్గరికి వెళ్ళి అడ్డగీత గీసింది.

సుభానీ మొహం చిన్నబోయింది. "నా గుర్రానికి ఏ రోగమూ లేదండి అమ్మగారూ, రోజూ కడుగుతానండి" అన్నాడు.

"రోగం నీ గుర్రానిది కాదు సుభానీ. మా పిల్లకి గుర్రం పడదు, అంతే" అంది అమ్మ.

ఆ రోజు నుంచీ మా గుడి బేరం పోయినా, సుభానీ మనసులో ఏమీ పెట్టుకోలేదు. పైగా నేను బడికి నడిచి వెళ్తుంటే జట్కాని రోడ్డుకి అవతలి పక్కకి తోలి, "జరగండి జరగండి, పాపగారొస్తున్నారు" అని మిగతా బళ్ళవాళ్ళని కూడా కేకలేసేవాడు. బళ్ళన్నీ పక్కకి తప్పుకుంటుంటే జమీందారిణిలా నడిచేదాన్ని. నన్ను ఏడిపించే ఆడపిల్లలు కూడా ఆ కాస్త దూరం నా వెనకే నడిచేవారు.

నాకు తొమ్మిదో ఏడు వచ్చిన సంవత్సరం అట్లతద్ది వెళ్ళిన నాలుగు రోజులకి గొంతునొప్పి పట్టుకుంది. మర్నాటికి ఉమ్మి మింగుడు పడలేదు, మెడ వాచింది, మాట ముక్కుతో వచ్చింది. పొద్దున్నే వచ్చిన వెంకటరత్నం గారు చెంచా కాడతో నాలుక నొక్కి చూశారు. లోపల బూడిదరంగు పొర పట్టి ఉందట. ఆయన మొహం మారిపోయింది.

"మేష్టారూ, ఇది కంఠసర్పి, డిఫ్తీరియా. సాయంత్రానికి పొర ఊపిరికి అడ్డం పడొచ్చు. ఆస్పత్రి మందు నా పెట్టెలోనే ఉంది, ఇప్పుడే సూది వేసేస్తాను" అన్నారు.

అప్పుడు తలుపు చాటు నుంచి అమ్మ బయటికి వచ్చింది. పరాయి మగవాళ్ళ ముందు గొంతెత్తి మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు.

"ఆ మందు దేంతో చేస్తారండీ?"

"ఇప్పుడవన్నీ ఎందుకే, ఆయన పని ఆయన్ని చెయ్యనీ" అని నాన్న కసురుకున్నారు.

డాక్టరు గారు ఓపిగ్గానే చెప్పారు. "గుర్రానికి ఈ జబ్బు విషం కొంచెం కొంచెంగా ఎక్కించి, దాని నెత్తుట్లో పుట్టిన విరుగుడుని తీస్తారమ్మా."

"దీనికి గుర్రం పడదండీ. దుప్పటి పక్కన పెడితేనే ఊపిరాడలేదు. నెత్తుట్లోంచి తీసింది నెత్తుట్లోకి ఎక్కిస్తే ఎలాగండీ?"

డాక్టరు గారు సిరంజి బల్ల మీద పెట్టేశారు. ఎప్పుడు, ఎలా, ఎన్నిసార్లు అని అమ్మని అడిగారు. అమ్మ ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి గోడ చూపించింది. ఆయన బూట్లు విప్పి లోపలికి వెళ్ళి, ఆ గీతల ముందు చాలాసేపు నిలబడ్డారని నాయనమ్మ తర్వాత కథలాగా చెప్పేది.

తిరిగొచ్చి, మందు బొట్టుని ఉప్పునీళ్ళలో బాగా పలచన చేసి నా ముంజేతి మీద చిన్న గీటు పెట్టి వేశారు. చూస్తుండగానే అక్కడ చింతగింజంత దద్దురు లేచి చుట్టూ ఎర్రబడింది. "మేష్టారూ, ఒక్కసారిగా ఇచ్చి ఉంటే పిల్ల నా చేతుల్లోనే పోయేది. అసలు ఇవ్వకపోతే గొంతు మూసుకుపోతుంది. ఇక ఒకటే దారి. చుక్క చుక్కగా అలవాటు చేద్దాం" అన్నారు.

ఆ రోజంతా ఆయన మా ఇంటి నుంచి కదల్లేదు. అరగంటకో సూది, మొదటిది కంటికి కనపడనంత, ప్రతిసారీ అంతకి కాస్త ఎక్కువ. పక్కనే ఇంకో సిరంజిలో, మందు వికటిస్తే వెయ్యడానికి, అడ్రినలిన్ నింపి తడిగుడ్డ కింద పెట్టుకున్నారు. మధ్యాహ్నం ఒకసారి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు ఉబ్బి, చెవుల్లో హోరు వినపడింది. ఆ అడ్రినలిన్ వాడాల్సి వచ్చింది. ఒక గంట ఆగి మళ్ళీ వెనకటి మోతాదు నుంచి మొదలుపెట్టారు. నాన్న వీధరుగు మీద తల పట్టుకుని కూర్చున్నారు. అమ్మ మాత్రం నా చెయ్యి వదలకుండా, ఏ సూదికి ఏమైందో ఆయనకి అప్పజెబుతూ ఉంది. దీపాలు పెట్టే వేళకి మందంతా లోపలికి వెళ్ళింది. మూడో రోజుకి పొర కరిగి, నేను గంజి మింగాను.

"నేను అడగాల్సిన ప్రశ్న మీరు అడిగారమ్మా" అన్నారు వెంకటరత్నం గారు, నాయనమ్మ ముందే, అందరికీ వినపడేలా. ఆ తర్వాత ఆ మందు ఎవరికి ఇవ్వాల్సి వచ్చినా ముందు గుర్రం సంగతి అడిగేవారట.

అయితే ఆ జబ్బు గొంతు వదిలి గుండెని పట్టుకుంటుందని ఆయనకి తెలుసు. ఆరు వారాలు తల కూడా ఎత్తకుండా పడుకోవాలన్నారు. పెడన అద్దకం దుప్పటి మీద పడుకుని, దాని మీది నెమళ్ళని లెక్కపెట్టడమే నా ఆట. పది రోజుల తర్వాత నాడి తడబడింది, రెండు కొట్టుకుని ఒకటి ఆగేది. అమ్మ డాక్టరు గారి గడియారం అరువడిగి, పూటకి నాలుగుసార్లు నా మణికట్టు పట్టుకుని లెక్కపెట్టి, మళ్ళీ గోడ మీదే గీసింది. నేను లేచి నిలబడ్డ రోజుకి ఆ తలుపు వెనక గోడ నేల దాకా నల్లబడింది.

వైద్యం చదివాక నేను ప్రాక్టీసు పెట్టలేదు. గొంతు జబ్బు తగ్గిన పిల్లల గుండె ఎందుకు చెడుతుంది, మనిషిని కాపాడాల్సిన శక్తి ఒక్కోసారి ఆ మనిషి మీదకే ఎందుకు తిరగబడుతుంది, ఒకరికి పడేది ఇంకొకరికి ఎందుకు పడదు అని వెతకడంలోనే నలభై ఏళ్ళు గడిచాయి. నా మొదటి పరిశోధన వ్యాసం అచ్చుకి పంపే ముందు పట్టుకెళ్ళి అమ్మకి తెలుగులో చెప్పాను. కళ్ళజోడు సర్దుకుని అంతా విని, "గుండె చెడిన పిల్లల్నే చూశావా, గొంతునొప్పి వచ్చి కూడా గుండె బాగున్న పిల్లల్నీ చూశావా?" అని అడిగింది. పంపాక పత్రిక పరీక్షకులు నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. వాళ్ళకంటే ముందు అడిగింది మా అమ్మే.

ఇప్పుడు ఈడేపల్లిలో మా ఇల్లు లేదు. అమ్మా లేదు, సుభానీ లేడు, స్టేషను బయట ఆటోలు అరుస్తున్నాయి. అట్లతద్ది ఉయ్యాల కట్టడానికి వీధిలో ఒక్క కొమ్మ మిగల్లేదు. వీటన్నిటికీ బెంగగానే ఉంటుంది. కిందటేడు అక్కడి కుర్ర డాక్టర్లకి పాఠం చెప్పమని పిలిస్తే వెళ్ళాను. ఆ జబ్బు ఇంకా అక్కడక్కడా తలెత్తుతూనే ఉందని తెలుసు కాబట్టి, పాఠం మొదలుపెట్టే ముందు, కంఠసర్పి పొరని పిల్లల గొంతులో కళ్ళారా చూసినవాళ్ళు చెయ్యెత్తమన్నాను. గది నిండా కుర్ర డాక్టర్లున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. టీకాల పుణ్యాన వాళ్ళకి ఆ పొర చూసే అవసరమే రాలేదు. చెప్పబోయిన మొదటి వాక్యం మర్చిపోయి, బల్లల మీద అలా ఊరికే ఉన్న ఆ చేతుల్ని అమ్మలాగా ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను.