ఆరో అంశం, నీళ్ల వేడి

మా దూరవిద్య పాఠాల పార్సిళ్లు రెండూ ఒకే రోజు వచ్చాయి. టౌన్‌షిప్ పోస్టాఫీసులో నేనూ, నాతో పనిచేసే నర్సమ్మాయీ పక్కపక్కనే నిలబడి సంతకాలు పెట్టి తీసుకున్నాం. నేను ఇంటికి వెళ్లి పద్నాలుగు పుస్తకాలకూ ఖాకీ అట్టలు వేశాను. వెన్నుల మీద వరసగా అంకెలు రాశాను. ఏ వారం ఏ పుస్తకం చదవాలో పట్టిక గీసి గోడకు అంటించాను. ఆమె మాత్రం పోస్టాఫీసు మెట్ల మీదే కూర్చుని, పార్సిల్ దారం పళ్లతో కొరికి, మధ్యలోంచి ఒక పుస్తకం లాగి చదవడం మొదలుపెట్టింది. అది ఎనిమిదోది.

"మొదటిది వదిలేసి ఎనిమిదోదా?" అన్నాను.

"దీంట్ల బొమ్మలు మంచిగున్నయ్ బ్రదర్," అంది తల ఎత్తకుండానే.

మా ఇద్దరిదీ ఇనుప గని టౌన్‌షిప్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. మగ నర్సును కాబట్టి నేను అందరికీ బ్రదర్‌ని, ఆమె సిస్టర్. నాది విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. నాన్న ఈ లైను మీదే పట్టాలు చూసే పని చేసేవాడు. మా క్వార్టరు బచేలి స్టేషన్‌కు కూతవేటు దూరం. ఆమెది కిష్టారం అవతల ఒక పల్లె. వాళ్లది పొలం పని, ఎండాకాలం తునికాకు పని. ఇద్దరికీ మూడేళ్ల డిప్లొమా, మూడేళ్ల సర్వీసు. దూరవిద్యలో డిగ్రీ చేయడానికి ఆ ఏడు మా ఇద్దరికే అనుమతి వచ్చింది. జగదల్‌పూర్‌లో తరగతులు జరిగే రోజులకు సెలవు కూడా ఇచ్చారు. ఆ సెలవు ఒక్కసారికేనని, తప్పితే మళ్లీ ఉండదని ఆర్డరులో స్పష్టంగా రాసి ఉంది.

ఆమె మీద నాకున్న అసూయ ఆ పార్సిల్ రోజున మొదలైంది కాదు. వార్డులో ఎప్పటినుంచో ఉంది. డ్రిప్పు సూది నేను ఒక్క పోటుతో ఎక్కిస్తాను, ఆమెకు ఒక్కోసారి రెండు పడతాయి. నా చార్టులో కొట్టివేత ఒక్కటీ ఉండదు, ఆమె చార్టు మీద టీ మరకలుంటాయి. డ్యూటీకి నేను పది నిమిషాలు ముందు వస్తాను. ఇన్ని ఉన్నా, నడుము పట్టేసి చేరిన డంపర్ డ్రైవరు ఒకాయన నేను వీపు కింద దిండు సర్దుతుంటే, "బ్రదర్, నువ్వు మంచోడివే గానీ సిస్టర్ డ్యూటీ ఎప్పుడుంది?" అని అడిగాడు. ఆమె కొండ మీది ఊళ్లవాళ్లతో గోండీలో, బజారు వాళ్లతో హల్బీలో, డాక్టర్లతో హిందీలో మాట్లాడేది. నాకు తెలుగు, హిందీ, పుస్తకం ఇంగ్లీషు. రోగి ఎదురుగా మూడోది దేనికీ పనికి రాలేదు.

కోర్సులో ఒక భాగం మందుల్లేని సేవ. కాపడాలు, ఆవిరి, నూనె మర్దన, కాళ్లకు వేడినీళ్లు, పడుకోబెట్టే తీరు, తిండిలో మార్పులు, ఊపిరి వ్యాయామాలు. విద్యార్థి ఒక కుటుంబాన్ని ఎంచుకుని, ఏడుసార్లు వాళ్లింటికి వెళ్లి ఇవి చేసి, ప్రతిసారీ రికార్డు రాయాలి. తన సొంత కుటుంబం పనికిరాదు. తోటి విద్యార్థి పక్కన కూర్చుని పరిశీలించి రికార్డులో ప్రతి పేజీ మీద సంతకం పెట్టాలి. చివర్లో పది అంశాల కాగితంలో 'అవును', 'కాదు' రాయాలి. మూడు 'కాదు'లు పడితే ఆ భాగం మొత్తం మళ్లీ చేయాలి. మళ్లీ చేయడానికి మాకు సెలవు లేదు. అంటే మూడు 'కాదు'లు పడితే డిగ్రీ లేనట్టే. మా ఆస్పత్రి నుంచి ఉన్నది ఇద్దరమే గనక ఆమెకు నేను, నాకు ఆమె.

నేను ఒక వెల్డరు కుటుంబాన్ని ఎంచుకున్నాను. ఆమె ఇంకా వెతుక్కుంటుండగా ఒకరోజు తన ఐదో పుస్తకం ఎక్కడో పోగొట్టుకుని నాది అరువు తీసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఓలమ్మా, కుటుంబం కోసం ఊరంతా తిరగడమేటి? నేనున్నాను కాదేటి? కాళ్లు లాగి లాగి సచ్చిపోతన్నాను. ఈ గుంట వచ్చి సూస్తాది."

"అమ్మా, నేను చూస్తున్నాను కదా!" అన్నాను.

"నువ్వు సూస్తన్నావ్ నాయినా. నేదన్నానేటి? ఈ గుంట కూడా సూస్తాది."

నేను చూస్తున్న మాట నిజమే. అంతకు రెండు వారాల ముందు నుంచి రోజూ సాయంత్రం అమ్మ కాళ్లను నలభై రెండు డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టించి, తర్వాత వేడినీళ్ల రబ్బరు సంచిని రెండు మడతల గుడ్డలో చుట్టి మడమల కింద ఉంచేవాణ్ణి. బీపీ చూసి రాసుకునేవాణ్ణి. ఎలా ఉందమ్మా అంటే బాగుందిరా అనేది. అది కూడా రాసుకునేవాణ్ణి.

మాది ఆమె సొంత కుటుంబం కాదు కాబట్టి నిబంధన ప్రకారం తప్పేమీ లేదు. పరిశీలించేవాడు రోగికి ఏమవుతాడని కాగితంలో ఎక్కడా అడగలేదు. మేమూ చెప్పలేదు.

మొదటి రోజు నేను మా ఇంట్లోనే స్టూలు మీద పరాయివాడిలా కూర్చున్నాను. ఆమె బకెట్లో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి మోచెయ్యి ముంచి చూసింది. థర్మామీటరు సంచిలోనే ఉంది. తర్వాత అమ్మను కళ్లు మూసుకోమని, చీపురులోంచి ఒక పుల్ల విరిచింది.

"పెద్దమ్మా, ఇప్పుడు ఏ ఏలు ముట్టిన్నో చెప్పు."

"బొటనేలు."

"కాదు పో. మళ్ల చెప్పు."

"సిటికెనేలు. నన్ను ఎర్రిదాన్ని సేసీకే, కళ్లు తెరిసీగలను!"

"తెరిస్తే ఆట ఒప్పుకోను."

ఇద్దరూ నవ్వులు. మా అమ్మ అలా నవ్వడం నేను విని చాలా కాలమైంది. నేను గడియారం చూసి రాసుకున్నాను: ఆటలకు ఆరు నిమిషాలు వృథా. ఆమె కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో మెత్తగా తుడిచి, మోకాళ్లకు గానుగ నూనె రాసింది. ఆమె వెళ్లాక బకెట్లో నా థర్మామీటరు పెట్టాను. ముప్ఫై ఆరు. ఈలోగా చల్లారినంతా కలుపుకున్నా, పుస్తకంలోని నలభై రెండుకి ఎక్కడా చేరదు. ఆ అంకె చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఏడుసార్లూ అదే. రికార్డులో ఆమె రాసేది రెండు లైన్లు: 'కాళ్లు చూశాను. గోరువెచ్చని నీళ్లు. నూనె.' నేను సంతకం పెట్టేవాణ్ణి. ఒకరోజు అమ్మ కొళాయి దగ్గర్నుంచి ఒక కాలికే చెప్పుతో వచ్చింది. రెండోది దారిలోనే జారిపోయింది. నేను నవ్వాను. "చెప్పు కూడా నీతో రానంటోందమ్మా!" అన్నాను. ఆమె నవ్వలేదు. లేచి వెళ్లి ఆ చెప్పు తెచ్చి అమ్మ ముందు పెట్టింది. మర్నాడు ఉదయం అమ్మను ఎక్కడికో తీసుకెళ్లింది. బజారుకట. నన్ను రమ్మనలేదు. వాళ్లిద్దరికీ నాకు తెలియని కబుర్లు ఉన్నాయన్న ఆలోచన నన్ను ఆ వారమంతా పుస్తకం ముట్టనివ్వలేదు. గోడ మీది పట్టికలో మొదటిసారి ఒక వారం ఖాళీగా ఉండిపోయింది.

తరగతులకు బయల్దేరే ముందు రోజు ఆదివారం. అమ్మ చర్చికి వెళ్లింది. నేను పది అంశాల కాగితం ముందు పెట్టుకుని ఇంకు పెన్నుతో నింపాను. దిద్దుబాట్లు చెల్లవు కాబట్టి ఆలోచించే నింపాను. నాలుగో అంశం, సాధనాల వాడకం: కాదు. ఆరో అంశం, నీళ్ల వేడి పాఠంలో చెప్పినంత ఉన్నదా: కాదు. ఎనిమిదో అంశం, సమయ పాలన: కాదు. మిగిలినవి అవును. మూడే పెట్టాను. ప్రతిదానికీ నా దగ్గర తేదీ, అంకె ఉన్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు. తొమ్మిదో అంశం, నీళ్ల వేడి రోగికి హాయిగా ఉన్నదా అన్నది మాత్రం రోగిని అడిగి రాయాలి. అమ్మ చర్చి నుంచి వచ్చి నీళ్లు తాగేదాకా ఆగి అడిగాను.

"ఆ అమ్మాయి పోసిన నీళ్లు ఎలా ఉండేవమ్మా? వేడిగానా, గోరువెచ్చగానా, చల్లగానా?"

"బాగుండీవి."

"అలా కాదు. మూడింట్లో ఒకటి చెప్పు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వే రాసీరా ఏదో ఒకటి."

"నేనెలా రాస్తాను? కాళ్లు నీవి."

"కాళ్లు నావే," అంది అమ్మ. "వేడో సల్లనో నాకేటి తెలుస్తాది? నీ నీళ్లూ తెలీనేదు. ఆ గుంట నీళ్లూ తెలీనేదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ మంచం మీద కూర్చుని ఎడమ కాలు ఒడిలోకి తీసుకుని మడమ చూపించింది. అంచున రూపాయి బిళ్లంత కొత్త చర్మం, గులాబీ రంగులో. కాలి మానిన మచ్చ.

"నీ రబ్బరు సంచే, ఆ గుంట రాకముందు. ఏటీ తగల్డం నేదని గుడ్డ తీసీసినాను. నువ్వు పక్కగదిలో రాసుకుంటన్నావ్."

ఊరగాయ జాడీ వెనక నుంచి మాత్రల పొట్లం, మడిచిన ల్యాబు చీటీ తీసి ఇచ్చింది. రక్తంలో చక్కెర చాలా ఎక్కువ. ఆమె చెప్పు తెచ్చి పెట్టిన మర్నాటి తేదీ. బజారు అని చెప్పిన ఉదయం.

చీపురు పుల్ల ఆట ఏమిటో అప్పుడు తెలిసింది. అరికాలి స్పర్శ చూసే పరీక్ష మా మూడో పుస్తకంలో ఉంది. నేను దాన్ని చదివి, కింద గీత గీశాను. పుస్తకంలో దూది, గుండుసూది ఉన్నాయి. చీపురు పుల్ల లేదు. స్పర్శ లేని కాళ్లకు వేడి తగలనివ్వకూడదని కూడా అదే పేజీలో ఉంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ సేత్తోనే కాలిందని తెలిస్తే నువ్వు పరీక్ష రాయగలవేటి? ఆ గుంట సేత ఒట్టేయించినాను. తరగతులయ్యాక నేనే సెప్దామని." మాత్రల పొట్లం మళ్లీ జాడీ వెనక పెట్టేస్తూ, "అయినా నీకు సెప్తే రాసుకుంటావురా. అది వింటాది," అంది.

ఆ మాటకు సిగ్గుపడాలి. పడ్డాను కూడా. కానీ ముందు వచ్చింది సిగ్గు కాదు. మా అమ్మ కాళ్ల సంగతి నాకంటే ముందు ఇంకొకరికి తెలిసిందన్న మంట.

మర్నాడు పొద్దున్నే ప్యాసింజరు. ఆమె నాకు ఎదురు సీటులో కూర్చుని ఉడికించిన చిలగడదుంపలు ఒలుచుకుంటోంది. దంతెవాడ దాటాక ఒక చిన్న స్టేషన్లో బండి ఆగింది. ఖనిజం బండికి దారి ఇవ్వాలి. ఈ లైనులో ఎప్పుడూ దానికే ముందు దారి.

"అమ్మ చెప్పింది," అన్నాను.

ఆమె ఒలవడం ఆపింది. "చెప్పిందా? అమ్మయ్య. నా కడుపు ఉబ్బిపోయింది బ్రదర్, దాసి దాసి."

"రికార్డులో అయినా రాయొచ్చు కదా? స్పర్శ లేదని. చక్కెర ఉందని."

"ఏంది, నీకు తెల్వకుండ రాస్తనా? పేజీకో సంతకం నీదే గద. రాస్తే నువ్వు చదువుతవ్. చదివితే పెద్దమ్మ ఒట్టు ఏమైతది?"

"రాయకపోతే నీ కాగితం ఏమవుతుందో తెలుసా?"

"ఎన్ని పెట్టినవ్?"

నేను ఖనిజం బండి వస్తోందేమోనని తొంగి చూశాను.

"మూడా?" అంది. ఆమె మొహంలో నవ్వు పోయింది. కిటికీ బయటికి చూసింది. "మా నాయిన ఊరంత చెప్పుకున్నడు, బిడ్డ పెద్ద చదువు చదువుతుందని." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చూసింది నువ్వు రాసినవ్. ఏం జేస్తం. గనీ ఆ రబ్బరు సంచి మాత్రం మళ్ల ముట్టకు," అని ఒలిచిన దుంప ఒకటి నా చేతిలో పెట్టింది.

అది తింటే ఇంక ఏమీ రాయలేనని అనిపించి పక్కన పెట్టాను. కాగితం తీశాను. 'కాదు' కొట్టేస్తే కాగితమే చెల్లదు. ప్రతి అంశం పక్కన మాత్రం రెండు వేళ్ల వెడల్పు గడి ఉంది, 'వివరణ' అని. అంతవరకు అన్నీ ఖాళీగా వదిలేశాను. ఖనిజం బండి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. మా బండి కదలడం లేదు కాబట్టి చిన్న అక్షరాలు పట్టించగలిగాను. ఖాళీగా ఉన్న తొమ్మిదో అంశానికి 'అవును' రాశాను. నాలుగుకు: మోచేతితో చూసింది, ఏడుసార్లూ ఒకే వేడి వచ్చింది. ఎనిమిదికి: ఆరు నిమిషాలు వృథా కాదు, స్పర్శ పరీక్ష. ఆరుకు గడి చాలక అంచు మీదికి వెళ్లింది: 'రోగికి అరికాళ్లలో స్పర్శ లేదు. ల్యాబు చీటీ జత చేశాను. ఈ సంగతి సేవ చేసిన విద్యార్థి కనిపెట్టింది, పరిశీలకుడు కనిపెట్టలేదు. పరిశీలకుడు రోగి కొడుకు.'

జగదల్‌పూర్ కేంద్రంలో మా కాగితాలు చూసే మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చదివింది.

"బేటా హో?" అంది, కొడుకువా అన్నట్టు నా వైపు చూసి.

"జీ."

"యే పహలే బతానా థా." ఈ మాట ముందే చెప్పాల్సిందని.

"జీ."

ఆమెను పిలిచి, రాయని సంగతులన్నీ అక్కడే కూర్చుని రికార్డులో రాయమంది. తర్వాత ఎర్ర పెన్సిలుతో నా మూడు 'కాదు'ల పక్కన మూడు సంతకాలు చేసి 'అవును' అని రాసింది. నా పరిశీలనకు ఉన్న మార్కుల్లో చాలా భాగం తీసేసింది. ఇద్దరం పాసయ్యాం. ఆమెకు నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ. ఎక్కడ తేడా వచ్చిందో కూడి చూశాను. అంతా ఆ ఒక్క కాగితంలోనే.

నా గురించి ఆమె నింపిన కాగితంలో పదీ 'అవును'లేనని మేడమ్ చెప్పింది. వివరణల్లో ఏం రాసిందో నాకు చూపించలేదు. ఆమెను అడగడానికి నాకు ఇష్టం లేదు.

డిగ్రీ వచ్చాక ఆమె వాళ్ల వైపు ఆస్పత్రికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు అమ్మ పాత చెప్పులు బచేలి బజారులో కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్లి, జారకుండా వెనక పట్టీలు వేయించి ఇచ్చింది. నేను ఆ నెలలోనే అమ్మ పాదం కాగితం మీద గీసి, కొలతలు రాసి పంపి, విశాఖ నుంచి ఇలాంటి కాళ్లకని చేసే మెత్తటి అడుగు చెప్పులు తెప్పించాను. అన్ని రకాలుగా అవే సరైనవి. ఇప్పుడు రోజూ ఉదయం అమ్మ అరికాళ్లు నేనే చూస్తాను, చీపురు పుల్లతోనే. అమ్మ కళ్లు మూసుకుని తప్పు వేలు చెబుతుంది, తర్వాత ఆ పట్టీల చెప్పులు వేసుకుని కొళాయికి వెళ్తుంది. నేను తెప్పించిన జత ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.