నాలుగు చేతుల సర్కస్ అమ్మాయి

ఈ మధ్య టూత్‌పేస్టు ట్యూబులు బొత్తిగా మాట వినడం లేదు. తోక దగ్గర నుంచి ఎంత ఓపిగ్గా చుట్టుకొచ్చినా, చెయ్యి తీయగానే విప్పుకుని పడుకుంటాయి. ఆ రోజుల్లో పేస్టువైనా, బొమ్మల రంగులవైనా ట్యూబులు రేకువి. చుడితే చుట్టినట్టే ఉండేవి. లోపల ఎంత మిగిలిందో మనిషికి ముందే తెలిసేది. తెలిసి కూడా నేనొకసారి దెబ్బతిన్నాను.

అప్పటికి బాపట్లలో బి.ఏ. ముగించి, తెనాలిలో మా ఇంట్లో కూర్చుని ఉద్యోగం కోసం ఎదురు చూస్తున్నాను (ఆ సంగతి ఉద్యోగానికి తెలియదు). ఊళ్ళోకి సర్కస్ వచ్చింది. మధ్యాహ్నం ఆటకి వెళ్ళి, డేరా గుడ్డ తలకి తగిలేంత ఎత్తున గ్యాలరీలో కూర్చున్నాను. చమ్కీల గౌను వేసుకున్న అమ్మాయి ఉయ్యాల వదిలేసి గాల్లోకి వచ్చింది. డేరా చిరుగుల్లోంచి దిగిన ఎండ ఆమె ఒంటి మీద చుక్కలు చుక్కలుగా మెరిసింది. బ్యాండు ఆగింది. నా పక్కన వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాయన చెయ్యి కూడా ఆగింది. ఎదుటి ఉయ్యాలకి మోకాళ్ళతో తలకిందులుగా వేలాడుతున్న మీసాలాయన ఆమెను అందుకున్నాడట. నేను చూడలేదు. నా లెక్కలో ఆమె ఇంకా గాల్లోనే ఉంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అక్కడే ఉంది. “ఏంట్రా, పప్పు కలుపుతున్నావా, ముగ్గేస్తున్నావా?” అన్నారు నాన్న.

ఆమె బొమ్మ వేసి ఆమెకే చూపించాలి. అంతకుమించి బతుకులో పని లేదనిపించింది. బొంబాయి బావ తెచ్చిచ్చిన యాక్రిలిక్ రంగులున్నాయి. వాటి వాడకం గురించి డబ్బా మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది, బి.ఏ. చదివినవాణ్ణి కనుక చదవలేదు. నాకు తెలిసింది బాపట్లలో డ్రాయింగు మాస్టారు నేర్పిన నూనె రంగులే. “ఇవాళ ఎలా తోస్తే అలా వెయ్యి. రేపు పొద్దున చూసుకుని, తప్పుంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచెయ్యి,” అనేవారాయన. అలాగే వేశాను. చేతులు ముందుకు చాచితే బాగుంటుందా, పైకెత్తితే బాగుంటుందా తేలక, రెండు జతలూ వేసి పడుకున్నాను. మీసాలాయన్ని మాత్రం వేయలేదు. చోటు లేక కాదు.

పొద్దున్నే గుడ్డ పట్టుకుని తుడిస్తే గుడ్డే అరిగింది. ఆ రంగు నేను కాఫీ తాగేలోపే రాయైపోయే రకమట. పోనీ పైన నీలం పూసి కప్పేద్దామంటే, ఆకాశమంతా పరిచిన నీలం ట్యూబు మూత దాకా చుట్టుకుపోయి ఉంది. ఈలోగా నాయనమ్మ వచ్చి, ఆకాశంలో నాలుగు చేతులతో ఉన్న ఆడమనిషిని చూసి, ఒక్కమాట అడక్కుండా బొమ్మ నుదుట కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుంది.

నాలుగు చేతులతో ఎలా చూపించాలా అని పది రోజులు తటపటాయించేసరికి సర్కస్ రేపల్లె వెళ్ళిపోయింది. అక్కడా ఇవాళే ఆఖరి ఆటని తెలిసింది. ఇక చేతులు లెక్కపెట్టుకునే వ్యవధి లేదు. బొమ్మ ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. ఎదుటి సీట్లో పెద్దావిడ చెప్పులు విడిచి, “ఏ ఊరి అమ్మవారు నాయనా?” అంది.

“రేపల్లేనండి,” అన్నాను.

“మాదీ రేపల్లే! మాకు తెలియకుండా ఎప్పుడు వెలిసిందయ్యా?”

“సోమవారం అండి.”

సర్కస్ డేరా వెనక ఆమె కనిపించింది. నాకన్నా పదేళ్ళు పెద్దది. వెలిసిన నేతచీర కట్టుకుని, వేణ్ణీళ్ళ గిన్నెలో మణికట్లు ముంచుకుని కూర్చుంది. మీసాలాయన పక్కనే పీట మీద కూర్చుని ఒక్కో చెయ్యి తీసి, తుడిచి, పాత గుడ్డ చుడుతున్నాడు. ఎన్నేళ్ళ అలవాటో, అతను అడక్కముందే ఆమె రెండో చెయ్యి అందిస్తోంది. నేను బొమ్మ నిలబెట్టాను.

(ఆ బొమ్మ ఇప్పుడు మా వరండాలో ఉంది. రంగు ఇసుమంతైనా వెలవలేదు. ఆ విషయంలో డబ్బా మీద రాసింది నిజమే. కాఫీ తాగుతూ దాన్ని చూసినప్పుడల్లా, అంత నీలం ఒక్క పూటలో ఒలకబోసిన ఆ కుర్రాడి మీద నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది.)

ఆవిడ గిన్నె పక్కకి జరిపి బొమ్మ ముందుకి వంగింది. నాలుగు చేతుల ఊసెత్తలేదు. కుంకుమ సంగతీ అడగలేదు. గుడ్డ చుట్టిన చేతి వేలితో ఆ ఖాళీ నీలాన్ని చివరంటా తడిమి, నా వైపు తిరిగింది.

“పట్టుకునేవాడేడి తమ్ముడూ? పడిపోతాను కదా!”