చీర మడతల్లో చివరి పేజీలు

గద్వాలలో అత్తవారింటికి వెళ్లిన కొత్తలో నాకు చేతనైన పని చదవడం ఒక్కటే. మిగతావన్నీ చెడగొట్టేదాన్ని. ఆత్మకూరులో మా పుట్టింటివాళ్లు ఎప్పుడో మగ్గం వదిలి కిరాణా కొట్టు పెట్టుకున్నారు. అందుకే నాకు పోగును కండెకు చుట్టడం కూడా సరిగా రాదు. రాట్నం తిప్పానంటే పట్టుపోగు తెగాల్సిందే. తోటికోడలు ముసిముసిగా నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

సెల్‌ఫోన్లు ఇంకా మా వాడదాకా రాని రోజులవి. మధ్యాహ్నం కరెంటు పోతే టీవీ ఉండదు. వెలుతురు చాలక మగ్గాలు ఆపి ఆడవాళ్లం వసారాలో కండెలు చుట్టుకుంటూ కూర్చునేవాళ్లం. ఒకరోజు మా అత్తమ్మకు విసుగొచ్చింది.

"ఆ పోగుల పానం తియ్యకు పిల్లా. నీ లావు పుస్తకం తెచ్చి గట్టిగ చదువు, మేం గూడ ఇంటం."

అది మా అన్న వనపర్తి బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద కొనిచ్చిన నవల. అట్టలు ఊడిపోయి పేరు కూడా తెలియదు. ఆరు వందల పేజీలు. ఒక బంగళాలో చూపు పోయిన ఇల్లాలు ఉంటుంది. మిలిటరీలో ఉన్న తమ్ముడి ఉత్తరాలను ఒక నర్సు ఆమెకు రోజూ చదివి వినిపిస్తుంది. ఆ ఉత్తరాలు నిజంగా వస్తున్నాయా, నర్సే కల్పించి చదువుతోందా, అలా చదవమన్నది ఎవరు? కథంతా ఇదే.

వారం తిరగకుండా మా ఇంట్లో కూరలు మాడడం మొదలైంది. తోటికోడలు మొదటి రోజే ఆ ఇల్లాలి మొగుణ్ని పట్టుకుంది. "వాని మీసాల గురించి అంతగనం రాసిండంటే వాడే దొంగ!" రాయచూరు నుంచి వచ్చిన పక్కింటక్క మలుపు మలుపుకూ "హౌదా!" అని కన్నడంలో ఆశ్చర్యపోతూ రాట్నం ఆపేసేది. ఆమె అనుమానమంతా వంటవాడి మీద. అత్తమ్మ మాత్రం ఎవరినీ అనలేదు. ఆమె కోపం నవల రాసినాయన మీద. "కండ్లు లేకుంటే చేతికి ఏళ్లు లేవా? రాసిన కాయితమేదో ఉత్త కాయితమేదో ముట్టి చూస్తే తెల్వదా?" జీవితమంతా పట్టునూ నూలునూ వేళ్లతోనే పోల్చుకున్న మనిషి మరి. నర్సును తిట్టడంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట. తిట్లు వింటూ నేను హాయిగా చదివేదాన్ని. ఆ ఇంట్లో నాకంటూ ఒక పీట దొరికింది.

సరిగ్గా చివరికొచ్చాక ఒక పొద్దున పుస్తకం తెరిస్తే ఆఖరి పేజీలు లేవు. మామయ్యను అడిగాను. నేసిన చీర మడతపెట్టేటప్పుడు జరీ రాసుకుపోకుండా అంచు మడతల్లో కాగితాలు పెడతారు. పాత పేపర్లు అయిపోయాయట.

"అట్ట గూడ లేని బుక్కే గద బిడ్డా. కాయితం మందంగుంది, జరీకి మంచిగుంటది" అన్నాడు సంతోషంగా. చీర అప్పటికే అమ్మకానికి సేటు దగ్గరికి వెళ్లిపోయింది.

ముగింపు లేదంటే అందరూ కలిసి మామయ్య మీద పడతారు. నేను మళ్లీ రాట్నం దగ్గరికి, ఆ నవ్వు దగ్గరికి. నిజం చెప్పాలంటే ఆ రెండో భయమే పెద్దది. మధ్యాహ్నం పుస్తకం తెరుచుకుని, లేని పేజీలు చదవడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు సాగదీశాను. ఏ నర్సును నెల రోజులు తిట్టారో ఆ నర్సు పనే నేను చేస్తున్నానని తెలుస్తూనే ఉంది.

నా కథలో నర్సు తప్పు ఒప్పుకుంటుంది, ఇల్లాలు క్షమిస్తుంది. పక్కింటక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "జుట్టు పట్టి ఈడ్వక మాఫీ ఏంది?" అని తోటికోడలు మండిపడింది. అత్తమ్మ ఆమె మీద గయ్యిమంది. "మంచిగనే అయింది తియ్!"

పది రోజులకు అంచులో జరీపోగు లేచిందని సేటు ఆ చీరను వెనక్కి పంపాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అత్తమ్మ నన్ను పిలిచి, మడతల్లోంచి తీసిన కాగితాలు చేతిలో పెట్టింది.

"పరేషాన్ గాకు. నాకు అప్పుడే తెల్సు" అంది. "చదివేటప్పుడు నీ కండ్లు కాయితం మీద ఉరుకుతుంటయి. ఆ నాలుగు దినాలు నా మొహం చూస్కుంట చదివినవ్."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. "ఇప్పుడు అసలుది చదువు" అంటూ ఆమె చీర ఒళ్లో వేసుకుని, లేచిన పోగు సరిచేయడానికి కూర్చుంది.

చదివాను. అసలు నవలలో మోసం బయటపడిన రోజే ఇల్లాలు నర్సును ఇంట్లోంచి వెళ్లగొడుతుంది. తలుపు మూసుకుంటుంది. అంతే, అయిపోయింది.

అత్తమ్మ పోగు సరిచేసి, చీర మడతపెట్టి, నా చేతిలోని కాగితాలు తీసుకుని మళ్లీ అంచు మడతల్లో పెట్టేసింది.

"పిచ్చిది" అంది. "ఇగ ఆమెకు ఎవరు చదువుతరు?"