చెంచయ్య ముట్టుకోవద్దన్న పాలసీ

2023లో నేను నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేసేదాన్ని. రోగి ఏ కార్డు మీద చేరాలో తేల్చి, బీమావాళ్ల నుంచి ముందస్తు అనుమతి తెప్పించడం నా పని. దాన్ని ప్రీ-ఆథరైజేషన్ అంటారు.

వాకాడు వైపు ఊళ్లో చేపలు పట్టే చెంచయ్యను గుండెనొప్పితో తీసుకొచ్చారు. బైపాస్ చేయాలన్నారు డాక్టరు. ఆయనకు ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంది. అది కాక, కృష్ణపట్నంలో ఉద్యోగం చేస్తున్న కూతురు సుజాత తల్లిదండ్రులిద్దరికీ కలిపి ఫ్లోటర్ పాలసీ కట్టింది. అంటే బీమా మొత్తం ఇద్దరికీ ఉమ్మడి. ఆ ఏడాది ఒకరు వాడుకోగా మిగిలిందే రెండోవారికి.

"పాలసీ మీదే చేయించండక్కా. మా నాయనకి వేరే రూము కావాల. జనరల్ వార్డులో పడుకోబెట్టేదానికా నేను ఇన్నేళ్లు కట్టింది?" అంది సుజాత.

ఆమె మందుల కోసం కిందికి వెళ్లాక చెంచయ్య నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, సర్కారు కార్డు పెడితే ఈ డాక్టరే చేస్తాడా?"

"ఈయనే చేస్తారు. వేరే రూము మాత్రం ఉండదు."

"అయితే ఆ కార్డే పెట్టండి. పాలసీ ముట్టుకోబాకండి. మా ఆడమనిషి చేపల గంప ఎత్తేటప్పుడు పక్క పట్టుకుంటా ఉండాది. అడిగితే ఏం లేదంటాది. నా జబ్బు బయటపడింది. దాని జబ్బేందో ఇంకా తెలీదు."

ఆయన భార్య పోలమ్మ అప్పటికే ఫ్లాస్కుతో వచ్చి తెర అవతల నిలబడి ఉంది. మాటలన్నీ విన్నది.

"గుండె పట్టుకోని పడుకోనుండి నా గురించా నువ్వు ఆలోచించేది?" అంటూ ఏడ్చేసింది. "చెప్తే నువ్వు వేట మానుకోని నన్ను తిప్పతా కూర్చుంటావనే చెప్పలా."

సుజాత తిరిగొచ్చాక సంగతి చెప్పాను. తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, "నాయన చెప్పినట్టే కానీండి" అంది.

ప్రభుత్వ కార్డు మీద బైపాస్ జరిగింది. ఆయన జనరల్ వార్డులో కోలుకుంటుండగానే పోలమ్మకు స్కానింగ్ చేయించాం. కిడ్నీలో గడ్డ కనిపించింది. క్యాన్సరే కావచ్చు, ముదరకముందే దొరికిందన్నారు. గడ్డ వరకే తీసి కిడ్నీని నిలబెట్టే ఆపరేషన్ మేలన్నారు. మా ఆస్పత్రిలో అది ప్రభుత్వ కార్డు కింద లేదు. పాలసీకి పంపాం. నొప్పి పాలసీ తీసుకోకముందు నుంచీ ఉందా అని కంపెనీ తిరిగి అడిగింది. లేదని డాక్టరు జవాబు రాశారు. అనుమతి వచ్చేదాకా సుజాత నా బల్ల ముందు నుంచి కదల్లేదు.

ఆపరేషన్ అయ్యాక చెంచయ్య మెల్లగా నడుచుకుంటూ భార్య వార్డుకు వెళ్లాడు. "ఇప్పుడు చెప్పు, నొప్పి ఉండాదా?" అన్నాడు.

"ఉండాది," అంది పోలమ్మ.

రెండు బీమాలు ఉన్నవాళ్లు వస్తే, ఏది వాడాలన్నదే కాదు, ఏది ఎవరి కోసం మిగలాలన్నదీ ఆలోచించాలని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు కార్డులు అందుకునే ముందు, రోగి పక్కన నిలబడ్డ మనిషిని అడుగుతాను. "మీ ఒంట్లో ఎట్లా ఉందమ్మా?"