మూడొందల ఏళ్ళ సున్నుండల కథ

మా అత్తగారింట్లో ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఎవరి మీదా గొంతెత్తి అరిచింది లేదు. అంత ప్రశాంతమైన సంసారాన్ని నేను రెండున్నర పేజీల కథతో కూల్చబోయాను. నమ్మకం కలగడం లేదు కదూ? వినండి మరి.

అప్పుడు నాకు ఇరవయ్యారు. పెళ్ళయి భవానీపురం వచ్చిన కొత్త. లైబ్రరీలో ఉన్న జానపద కథల పుస్తకాలన్నీ వరసపెట్టి నమిలేసి, మామూలు కథలు రాసుకునేవాళ్ళని చూసి జాలిపడే స్థితికి చేరుకున్నాను. ఎవరేం చెప్పినా "దీని మూలం వేరే ఉందండీ" అనేదాన్ని. మా ఆయన ఆఫీసు గొడవ చెప్పబోయినా అదే మాట. పాపం, ఆయన చెప్పడమే మానేశారు.

మా అత్తయ్యగారిది చల్లపల్లి దగ్గర పల్లె. ఆవిడ గోంగూర వలుస్తూ కూర్చున్నారంటే తోటికోడలి పిల్లలు చుట్టూ చేరేవాళ్ళు. నేను నోటుపుస్తకం తెచ్చుకునేదాన్ని. ఒకరోజు మొదలెట్టారు.

"అనగనగా ఒక ఊళ్ళో ఒకావిడ. వండే చెయ్యి మంచిదే గానీ పెట్టే చెయ్యి కాదు. నేతి సున్నుండలు చేసి, ఎవరి కంటా పడకుండా దిండు గలీబులో దాచింది. ఆ మధ్యాహ్నం తమ్ముడు పెళ్ళాంతో సహా వచ్చి, భోంచేసి, ఆ దిండు మీదే తల పెట్టాడు."

"అయ్యో! చీమలు!"

"చీమలే! లేచి వీధంతా గంతులు. జనం పోగయ్యారు. సున్నుండల సంగతి బయటపడుతుందని ఆవిడ, 'మా తమ్ముడికి గాలి సోకిందర్రోయ్' అని గోలపెట్టి భూతవైద్యుణ్ణి పిలిపించింది. వాడు వేపమండలతో బాదాడు. 'జన్మలో సున్నుండ ముట్టకు' అని చెప్పించింది వాడి చేత."

"అమ్మో, ఎంత గడుసుది!"

"తమ్ముడి పెళ్ళాం మాత్రం తక్కువదా? మొగుడికి నోరెక్కువ. ఎలాగూ వైద్యుడొచ్చాడు కదా అని చాటుగా పిలిచి, 'ఆడవాళ్ళ మీద అరిస్తే దయ్యం తిరిగొస్తుంది' అని కూడా చెప్పించింది. అంతే, ఆనాటి నుంచీ మనిషి వెన్న!"

నాకు ఒళ్ళు పులకరించింది. ఇంత స్వచ్ఛమైన జానపదం ఏ పుస్తకంలోనూ లేదు! ఆ రాత్రే రాసి ఒక మాసపత్రికకి పంపాను. ఊరుకున్నానా? "ఈ కథ వయసు కనీసం మూడొందల ఏళ్ళు ఉంటుంది" అని కింద నా పరిశోధన కూడా ఒక ముక్క తగిలించాను.

కథ అచ్చయింది. పత్రిక తెచ్చి అత్తయ్యగారి చేతిలో పెట్టాను. మొదటి పేరా చదివి మురిసిపోయారు. రెండోది చదివి కళ్ళజోడు తీసి తుడిచారు. మూడోదానికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కొంప ముంచావే తల్లీ! ఇది మీ మామయ్య కథ!"

"అదేంటండీ! అనగనగా అన్నారుగా?"

"పిల్లల ముందు చుట్టాల పేర్లెత్తితే బయట వాగేస్తారని మా ఇంట్లో ఏ గుట్టయినా అనగనగా అనే చెప్పుకుంటాం. ఆ మాత్రం తెలీదూ?"

తెలీదండీ! నలభై పుస్తకాల్లో ఒక్కదాంట్లోనూ రాయలేదు ఆ ముక్క. దయ్యం పట్టినవాడు పక్కగదిలో పేపరు చదువుకుంటుంటే నేను మూడొందల ఏళ్ళు వెనక్కి వెతికాను. గుడివాడ నుంచి ఆయన అక్కయ్య వచ్చినప్పుడల్లా అత్తయ్యగారూ ఆవిడా వంటింట్లో ఎందుకు కిసుక్కున నవ్వుకుంటారో అప్పుడు అర్థమైంది.

"ఆయనకి నిజం తెలిస్తే, ముప్పై ఏళ్ళ అరుపులూ ఒక్కరోజే అరుస్తారు" అన్నారు అత్తయ్యగారు. నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం కలిసి పత్రికని బియ్యం డ్రమ్ములో పూడ్చిపెట్టాం.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. మామయ్యగారు, చంకలో కట్ట.

"అబ్బాయి ఫోన్ చేశాడు, కోడలి కథ పడిందని! బస్టాండుకెళ్ళి పది కాపీలు పట్టుకొచ్చా. వాకింగ్ వాళ్ళందరికీ పంచొద్దూ?" అంటూ ఒకటి పట్టుకుని డాబా మీదికెళ్ళిపోయారు.

అత్తయ్యగారు దేవుడి గదిలోకి వెళ్ళారు. నేను మెట్ల కింద నిలబడి కాపరానికి ఎసరు పెట్టిన చేతుల్ని చూసుకున్నాను. పది నిమిషాలకి పైనుంచి పిలుపు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. కథ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"గండుచీమలని రాశావేంటమ్మా? అవి ఎర్రచీమలు."

"అంటే... మీకు తెలిసిపోయిందా అండీ?"

"దిండులో నెయ్యి వాసన నాకు తెలీదనుకున్నావా? లేస్తూనే తెలిసింది."

"మరి వేపమండల దెబ్బలెందుకు తిన్నారండీ?"

"అక్కయ్య మొహం చూశాను. ఊరంతా ఉంది. దాని పరువు పోతుంది, నాలుగు దెబ్బలేగా అనుకున్నా. ఆ వెధవ పదిహేను కొట్టాడు."

"అరవడం కూడా..."

"మా నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచేవాడమ్మా. ఆ పోలిక నాకొద్దనే ఉండేది. అయినా వచ్చేసేది. దయ్యం భయం అని చెప్పుకుంటే మానడం తేలికైంది."

నా కళ్ళు చెమర్చాయి. "మరి సున్నుండలు?" అన్నాను మెల్లగా.

ఆయన డాబా మీంచి కనబడే కృష్ణానది వైపు తిరిగారు. "అది మాత్రం అన్యాయమే. సరే, మీ అత్తయ్య బెంగపడుతుంటుంది, వెళ్ళి నాకేమీ అర్థం కాలేదని చెప్పు."

వెళ్ళి చెప్పాను. అత్తయ్యగారు గుండెల మీద చెయ్యి వేసుకుని, "హమ్మయ్య! నాకు తెలుసు, ఆయనకంత తెలివెక్కడిది!" అన్నారు.

మరి ఇప్పుడిదంతా ఎలా రాశావంటారా? నా కథ చదివితే గుండెదడ వస్తోందని అత్తయ్యగారు ఆనాటితోనే చదవడం మానేశారు. మామయ్యగారిని అడిగితే, ఈసారైనా ఎర్రచీమలని రాయమన్నారు.

కాబట్టి పాఠకులారా, కృష్ణమ్మ సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను: వేపమండల దెబ్బలు తిన్నవాణ్ణి అడక్కుండా ఈ జన్మలో ఏ కథకీ వయసు కట్టను.