బల్బు లేని ఎర్ర లైటు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నా అనుమానాలన్నీ మనుషుల మీదే. వాళ్లలో మొదటివాడు మా మెకానిక్ యాదగిరి.

నారాయణఖేడ్‌లో పాత కారు ఒకటి కొన్నాను. నెల తిరక్కుండానే మీటరులో రెండు లైట్లు వెలగడం మొదలైంది. పసుపుది జారుతున్న కారు బొమ్మ. ఎర్రది బ్రేకుది. యాదగిరి చక్రం దగ్గర సెన్సార్ తుడిచి, బ్రేక్ ఆయిల్ పోశాడు. వారానికి మళ్లీ వెలిగాయి.

"పసుపుది వస్తే నిమ్మలంగ పో. ఎర్రది వస్తే ఆడనే ఆపు. ఆయిల్ యాడనో కారుతుంది. పైపులు చూడాలె, రెండు దినాలు బండి ఇడ్సిపెట్టు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. బండి వదిలితే మంచి సామాను తీసి పాతది వేస్తాడని నా భయం. మా దగ్గర చాలామంది చేసే పనే నేనూ చేయించాను.

"గా రెండు బుగ్గలు పీకెయ్, లొల్లి ఖతం."

యాదగిరి గొణుక్కుంటూనే బల్బులు పీకి నా చేతిలో పెట్టాడు. పర్సులో వేసుకున్నాను.

మర్నాడు ఆదివారం. నా భార్య సునీతకు ఎనిమిదో నెల. చర్చి అయ్యాక సిర్గాపూర్‌లో వాళ్ల అమ్మ ఇంటికి బయలుదేరాం. తాళం తిప్పగానే ఆ రెండు లైట్లూ ఒకసారి వెలిగి ఆరాలి. ఆ రోజు వెలగలేదు. నేను చూశాను.

సగం దారిలో సునీత అంది, "ఇగో సూడు, ఎర్రది వెలుగుతుంది."

నిజంగానే వెలుగుతోంది. యాదగిరి వేరే బల్బులేవో నా చేతిలో పెట్టి పంపాడనుకున్నాను. అక్కడే ఆపి ఫోన్‌లో వాణ్ని దులిపేద్దామని బ్రేకు తొక్కాను. కాలు అడుగు దాకా పోయింది. కారు ఆగలేదు. హ్యాండ్‌బ్రేక్ లాగితే జరజరా పోయి పొలం గట్టుకు ఆనుకుంది. ఇంకాస్త ముందుకు పోతే దిగుడు, కింద మలుపులో కల్వర్టు. సునీత కడుపు పట్టుకుని కూర్చుంది. నేను యాదగిరికి ఫోన్ చేశాను.

యాదగిరి బైకు మీద వచ్చాడు. వెనక చక్రం దగ్గర పైపు పగిలి ఆయిలంతా కారిపోయింది. అయినా నేను ఊరుకోలేదు, మీటరు విప్పించాను. రెండు బల్బుల చోటూ ఖాళీ. బల్బులు నా పర్సులోనే ఉన్నాయి.

"నన్ను దొంగ అనుకుంటివి గద" అన్నాడు.

ఎండ మెరిసిందేమో అంటారు కొందరు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. చూసింది ఇద్దరం.

ఇప్పుడు మాకు పాప. బల్బులు మళ్లీ పెట్టించాను, అవి వెలిగి ఆరేదాకా కారు కదిలించను. బల్బే లేని చోట ఆ రోజు ఏం వెలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను బ్రేకు తొక్కింది దాన్ని నమ్మి కాదు. యాదగిరిని తిట్టడానికి.